చుక్క

పేరు చివర ఒక చుక్క పెట్టాం,
చుక్క తర్వాత మూడక్షరాలు.
అంతకుముందు అది ఓక్లండ్ రేవు పక్కన
చేపల వాసన వదలని గోదాము.

నేను వెర్నీస్‌ని, జమాఖర్చులు రాసేదాన్ని.
ఇనప పెనాలు అమ్మేవాళ్లం, తెర మీద.
పెనం పన్నెండు డాలర్లు.
దాన్ని నెబ్రాస్కాలో ఎవరి గుమ్మం దాకానో మోయించడానికి
పద్నాలుగు.
"మోత ఖర్చు మాదే" అని
మెరిసే అక్షరాల్లో రాసుకున్నదీ మేమే.

ఆర్డరు ఎలా వెళ్లేదో బయట చెప్పొద్దన్నారు.
ఇప్పుడు చెబితే ఏం?
ఎక్కడో ఎవరో మీట నొక్కితే
మా వెనక గదిలో ప్రింటరు గుర్రుమనేది.
ఎర్లిండా ఆ కాగితం చింపి
కార్డు నంబరు ఇంకో యంత్రంలో చేత్తో కొట్టి
పెన్సిలు చెవిలో దోపుకుని
నిచ్చెన ఎక్కేది.
అంతా కంప్యూటరే చేస్తోందని
లోకం నోరు తెరిచి చూస్తున్న చోట
ఎర్లిండా మోకాళ్లు సలిపేవి.

ప్రెస్కాట్‌కి ఇరవై ఆరేళ్లు. మేజోళ్లు లేని బూట్లు.
"లాభం ఏ గడిలో రాయను?" అనడిగాను ఓ శుక్రవారం.
"డబ్బు కాదు వెర్నీస్, కళ్లు లెక్కపెట్టు" అన్నాడు.
లెక్కపెట్టాను.
వెయ్యి జతల కళ్లు ఇరవై డాలర్లు.
పేజీ నెత్తిన అరచేతి వెడల్పు పట్టీ,
అందులో ఎవరిదో టూత్‌పేస్టు, ఎవరిదో అప్పు,
ఒక కప్ప గెంతుతూ ఉంటే
దాన్ని తాకిన ప్రతి వేలికీ ఇంకో అర డాలరు.

వీధికవతల పూలు అమ్మే కంపెనీ.
వాళ్ల పట్టీ మా నెత్తిన, మాది వాళ్ల నెత్తిన,
వాళ్లు మాకు పదివేలు, మేం వాళ్లకు పదివేలు.
ఒక్క చెక్కూ వీధి దాటలేదు.
రెండు పుస్తకాల్లోనూ ఆదాయం పుట్టింది.
కడుపులో పడని బిడ్డకు
పేరే కాదు, పెళ్లి కూడా చేసేశాం.

షేర్లు బజారుకెక్కిన పొద్దున
మా చుక్క చుక్కలనంటింది.
కాగితం మీద ఎర్లిండా ఆస్తి ఎనభై వేలు.
ఆ సాయంత్రం బస్సుకి చిల్లర చాలక
నన్నడిగింది.

మరుసటి ఏప్రిల్లో కళ్ల ధర పడింది.
వెయ్యి జతలు రెండు డాలర్లు,
ఆ తర్వాత ఉచితంగా ఇస్తామన్నా
కొనేవాడు లేడు.
ప్రెస్కాట్ తివాచీ వైపు చూస్తూ మాట్లాడాడు.
కుర్చీలకు వేలంపాట.
పూల కంపెనీ కుర్చీలూ అదే లారీలో ఎక్కాయి.

అన్ని ఖాతాలూ మూస్తుంటే
"ఇతరాలు" అన్న చోట నా వేలు ఆగింది.

పెనాలకు తుప్పు పడుతోందని ఉత్తరాలు వచ్చేవి.
ఎవరూ చెప్పకుండానే ఎర్లిండా
తన వంటింట్లో మైనం, నూనె కలిపి కాచి
గోళీకాయంత డబ్బీలో పోసి
కవరులో పెట్టి పంపేది. మూడు డాలర్లు.
తుప్పు ఎలా వదిలించాలో చిన్న చీటీ, పెన్సిలుతో.
నాలుగు వందల మంది
మళ్లీ అడిగారు.

ఇప్పుడు శనివారాలు వాళ్లింటికి వెళతాను.
పొయ్యి మీద మైనం కరుగుతుంటుంది,
మూలన మోడెం కీచుమంటుంది.
డబ్బీ, కవరు, తపాలా బిళ్లలు పోగా
మిగిలింది
లాభం గడిలో రాస్తాను, సిరాతో:
ఒకటి,
పక్కన ఒక చుక్క,
చుక్క తర్వాత
పది.