రెండో దెబ్బ

అల్ ఐన్ సనయ్యాల మా షాపుకు బోర్డు లేదు.
టైర్ల కొట్టుకూ రేడియేటర్ల కొట్టుకూ నడుమ
ఒక షట్టరు, ఒక బెంచీ, దానిమీద బెల్ట్ శాండరు.
ఫిబ్రవరిల తోటలన్నీ ఒక్కసారే మొద్దుబారుతయి.
పికప్పుల వెనక డబ్బాలల్ల గలగలమని దిగుతయి
మట్టలు కొట్టే కొడవళ్లు,
కంచెపొదలు నరికే మూరెడు మచ్చుకత్తులు.
ఒక్కోదానికి అయిదు దిర్హాములు.

మొదలు ఎనభై నంబరు పట్టా, గరుకుది,
పండ్లూడిన అంచును తోడేస్తది.
తర్వాత నూట ఇరవై. తర్వాత నాలుగు వందలు.
ఉస్తాద్ జర్మస్ ఖాన్ నేర్పింది ఇంతే:
పట్టా అంచుకు ఎదురు రావద్దు,
అంచు మీదికెళ్లి పారిపోవాలె.
ఎదురొస్తే తెగుతది, ముందు పట్టా, తర్వాత నువ్వు.
ఒక్కచోట ఊపిరంతసేపు ఆగినా
ఇనుము గడ్డిరంగు తిరిగి, ఊదాగై, నీలమైతది.
నీలమైనంక అది కత్తి కాదు, రేకు.
వేలు ఓర్వని వేడి కత్తీ ఓర్వదు.
బకెట్ల ముంచు. మళ్ల పట్టు.

నా చూపుడువేలికి ఇప్పుడు గీతలు లేవు.
వీసా రెన్యూవలప్పుడు మెషిను రెండుసార్లు వద్దన్నది,
మూడోసారి బొటనవేలుతోని ఒప్పుకున్నది.

ముత్తిలింగం గౌడ్ డబ్బాతోని రాడు.
శుక్రవారం నమాజు వేళ దాటినంక
గుడ్డల చుట్టి ఒక్కటే తెస్తడు.
ధర్మపురి దిక్కు మనిషి.
పద్దెనిమిదేండ్లు తాళ్లెక్కిండు, ఈదులు గీసిండు.
ఇక్కడ ఎండుమట్ట కొట్టుడు, ముండ్లు తీసుడు,
గెలకు పుప్పొడి కట్టుడు.
గీసుడు లేదు. గీస్తే జైలు.

ఎండుమట్టకు నాలుగు వందల పట్టా చాలు.
ఆయనకు చాలదు, తోలు మీద గూడ తియ్యమంటడు.
ట్యూబులైటు కింద అంచును నిలబెట్టి చూస్తడు,
మెరిసిన కాడ మొద్దున్నట్టు.
గోటితోని మీటి చెవొగ్గుతడు.
"నడుమ పొర మిగిలింది" అంటడు.
మిగిలే ఉంటది.

అంత వాడి ఎందుకన్నా, అని అడిగిన.
"మొద్దు కత్తికి రెండో దెబ్బ పడాలె.
మొదటి దెబ్బకు ఎవ్వడు పడడు చెట్టు మీదికెళ్లి."
అని, పోయినేడు పడ్డ చిట్టగాంగు పిలగాని పేరు చెప్పిండు.
షహాలమ్.
తోట పేరూ చెప్పిండు.

ఆ రాత్రి లెక్కల బుక్కు తిరగేసిన.
జనవరి, ఆ తోట, పన్నెండు కత్తులు, అరవై దిర్హాములు.
ఏ కత్తి ఎవని చేతిలోదో రాయం మేము.
పన్నెండిట్ల ఎన్నిటికి తొందరపడ్డనో
అదీ రాసి లేదు.

మొన్న శుక్రవారం పైసలిచ్చినంక గూడ ఆయన పోలేదు.
బెంచీ అంచుకు కత్తి ఆనించి
మణికట్టు ఒక్కటి తిప్పి గీసిండు.
ఉల్లిపొర కంటె పలచగ లేచింది చెక్క,
చుట్టుకుంట, తెగకుంట.
దాన్ని ముక్కు కాడ పెట్టుకొని కండ్లు మూసిండు.

"ప్లైవుడ్డు" అన్నడు.
ఇద్దరం నవ్వినం.
కత్తిని గుడ్డల చుట్టుకొని బస్సుకు పోయిండు.

బెంచీకి ఆ కాడ తెల్లటి గాటున్నది.
పొద్దుగూకి ఇనుప పొట్టు తుడిచేటప్పుడు
నా గుడ్డ దాన్ని తప్పించుకొని పోతది.