పళ్ళెన్ని?

ఏడాది దాటిందా అని నేనడగను.
పళ్ళెన్ని, అంటాను.

రెండంటే గుడ్డ పుస్తకం.
నాలుగంటే దళసరి అట్టది, మూలలు గుండ్రంగా అరగదీసింది.
ఆరు దాటాక ఇక నా పూచీ లేదు,
కాగితమైనా ఇవ్వొచ్చు, కథైనా ఇవ్వొచ్చు,
రెండూ చిరుగుతాయి.

తాలిన్‌లో, రేవు వెనక, చెక్క ఇళ్ళ వీధిలో
ఐదు మెట్లు దిగితే మా దుకాణం.
నవంబరులో మూడింటికే దీపం వెలిగించాలి.
అలాంటి ఒక మూడింటికి
ట్రాము డ్రైవరు హెల్దుర్ వచ్చాడు.
యూనిఫాం కోటు బొత్తాల మధ్య నుంచి
ఒక ఎర్ర ఉన్నిటోపీ బయటికి తొంగి చూస్తోంది.

"పళ్ళెన్ని?"
"మూడున్నర," అన్నాడు.
ఆ అర పన్ను రాత్రే చిగురు చీల్చుకుని వచ్చిందట,
ఇల్లంతా జాగారమట.

"జంతువుల కథలు కావాలి. పాతవి. మంచివి."

అందరూ అదే అంటారు.
పాతవన్నీ మంచివి కావని ఎంతమందికి చెప్పను?
ఈ అరలో ఒక నక్క ఉంది, నలభై పేజీలూ నీతులే చెబుతుంది,
కోడి వైపు ఒక్కసారీ చూడదు.
ఆ ఆవుకు మనిషి కళ్ళు పెట్టారు,
పసివాళ్ళు దాన్ని చూసి ఏడుస్తారు, నిజం.
ఈ తోడేలును మరీ మంచిదాన్ని చేసేశారు,
పాపం, కథలో దానికి పనే లేదు.
సాల్మె గారు బంగారు అంచుల పుస్తకం కొని
మనవడికి దూరం నుంచి చూపించి
బీరువాలో పెట్టి తాళం వేసిందట.
అందులో సింహం ఇంకా బోనులోనే ఉంది.

నేను ఏరేటప్పుడు
బొమ్మను చేయి చాచినంత దూరంలో పెట్టి చూస్తాను.
పిల్లి పిల్లిలా ఉండాలి, మబ్బులా కాదు.
తెల్ల జాగా ఉండాలి, చిన్న వేలు నడిచి వెళ్ళడానికి.
ఒక మాట మూడుసార్లు తిరిగి రావాలి,
మూడోసారి వినేవాళ్ళే ముందు అనేయాలి.
చివరికి ఎవరో ఒకరు నిద్రపోవాలి,
కనీసం చదివేవాడైనా.
వాసన చూస్తాను. నాకి చూసిన రోజులూ ఉన్నాయి,
నవ్వకండి, రంగు ఊడుతుందో లేదో ఇంకెలా తెలుస్తుంది?

ఎలుగుబంటిది తీసిచ్చాను.
మా పెద్దలు అడవిలో దాని పేరెత్తేవాళ్ళు కాదు,
పిలిస్తే వస్తుందని, తేనెపంజా అనేవాళ్ళు.
ఇందులో అది చలికాలం పడుకునే చోటు కోసం
ఇంటింటి తలుపూ తడుతుంది.
ముళ్ళపంది ఇల్లు ఇరుకు. కప్ప ఇల్లు తడి.

"చదవండి," అన్నాను. "ఇక్కడే. పైకి."

అతని చెవులు కందిపోయాయి.
తనకెవరూ చదివి వినిపించలేదన్నాడు.
అమ్మకు చేపల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు,
ఇంట్లో ఉన్నది కుట్టుమిషనుతో వచ్చిన పుస్తకమొక్కటే.
కథ గొంతు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలో తెలీదన్నాడు.
అయినా సవరించుకుని
ఉన్న ఒక్క గొంతుతోనే మొదలుపెట్టాడు:

"తరువాతి స్టాపు, ముళ్ళపంది ఇల్లు.
జాగ్రత్త, తలుపులు మూసుకుంటున్నాయి.
తరువాతి స్టాపు, కప్ప ఇల్లు.
జాగ్రత్త, తలుపులు మూసుకుంటున్నాయి."

నవ్వబోయి ఆగాను.
ఇరవై రెండేళ్ళుగా వింటున్నాను,
ఎలుగుబంటి ముఖం మీద తలుపు మూసుకోవడం
ఇంత మర్యాదగా, ఇంత బరువుగా
ఎవరూ చదవలేదు.
ఎర్రటోపీ కదలడం మానేసింది.
కాసేపటికి ఒక చెయ్యి బయటికొచ్చి
పుస్తకం మూల పట్టుకుని
నోట్లో పెట్టుకుంది.

ఆ మూల మీద అప్పటికే గాట్లున్నాయి,
ఎవరివో, ఏనాటివో. ధర తగ్గించి రాసింది అందుకే.
మిర్తెల్ పళ్ళు సరిగ్గా వాటి పక్కన దిగాయి.
ఏడు క్రూన్లు తీసుకున్నాను.
సంచీ అక్కర్లేకపోయింది,
పాప వదిలితే కదా.

మొన్న మంచులో ట్రామెక్కాను.
ఆఖరి స్టాపుకు ముందు మైకు గరగరమంది.
"జాగ్రత్త, తలుపులు," అని
ఆగాడు.
జనం తలలెత్తి చూశారు.
నాకు తెలుసు, అద్దంలోంచి చూస్తున్నాడు,
చీకట్లో ఎవరైనా, లావుగా, బొచ్చుగా,
ఆలస్యంగా
పరిగెత్తుకొస్తున్నారేమోనని.