గది పెంచిన ఏడాది

మా మ్యూజియం అంటే రెండే గదులు.
న్యూఫౌండ్‌లాండ్ ఉత్తరపు కొసన, ఒకప్పటి షావుకారి
ఉప్పుచేపల కొట్టు.
నేల ఇప్పటికీ సముద్రం వైపే వాలి ఉంటుంది.
గోలీ జారవిడిస్తే
తనదారి తనే చూసుకుని గడప దాటిపోతుంది.
ముసురు పట్టిన రోజుల్లో చెక్కలు ఉప్పు చెమరుస్తాయి.
తాళంచెవి ఇరవై ఆరేళ్ళుగా నా కోటు జేబులో.

సెయింట్ జాన్స్ నుంచి డబ్బు మంజూరైంది:
కొత్తగా ఒక గది, మంచు బరువుకి వంగని కప్పు,
చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి,
గాలిలోని తడిని తాగే యంత్రం.
గోడ కూల్చి కట్టే ఏడు నెలలూ
సామాను ఎక్కడుండాలో మాత్రం
ఏ కాగితంలోనూ లేదు.

చర్చి బల్లల మీద కూర్చుని తలలు పట్టుకున్నాం.
మెల్వీనా బడ్జెల్ అల్లిక ఆపకుండానే
"అన్నీ మన కొంపల్లోంచి వచ్చినవే కదా,
ఒక చలికాలం పుట్టింటికి పంపితే ఏం పోయింది?" అంది.

అక్టోబరులో, తొలిమంచుకి ముందు
తోపుడు బళ్ళలో, చేపల ట్రక్కుల్లో
మ్యూజియం ఇంటింటికీ వెళ్ళింది.
వస్తువుకో రసీదు, ఒక సంతకం,
"వాడరాదు" అని
ఎర్రసిరాతో నేను రాసి కట్టిన చీటీ.

ఏప్రిల్ చివర మంచుగడ్డలు రేవు వదిలాక
ఒక్కొక్కటే తిరిగొచ్చాయి.

ఉయ్యాల తొట్టి పాలవాసన వేసింది.
ఫిబ్రవరి తుఫానుకి రోడ్డు మూసుకుపోతే
ఆస్పత్రి దాకా పోలేక ఇంట్లోనే పుట్టిన పిల్ల
పదకొండు రాత్రులు అందులోనే పడుకుందట.
అకార్డియన్‌కి రెండు బొత్తాలు మూగవి,
ఇప్పుడు పలుకుతున్నాయి.
ఎవరి చేతి పనో ఎవరూ చెప్పరు.
బొంతని ఉతికి ఆరేశారు. పైకి చిరాకు పడ్డాను గాని
మడతపెడుతూ సబ్బువాసనకి ముక్కు ఆనించాను.
లాంతరు చిమ్నీ పగిలింది. దాని బదులు
జామ్ సీసా అడుగు కోసి బిగించి తెచ్చారు,
తప్పు కాయమని డజను గుడ్లు.

పట్నం నిపుణురాలు
తెల్ల గ్లవ్స్ వేసుకుని, తీసేసి, మళ్ళీ వేసుకుంది.
చాలాసేపు ఏదో రాసుకుంది.
నా తిప్పలు వేరు.
"చివరిసారి వాడినది 1931" అంటూ
ఇత్తడి రేకులన్నీ ముందే చెక్కించి పెట్టాను.

చిట్టా పుస్తకం అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది.
పిండి, మొలాసిస్, గాలాలు, తారు.
చేప తూకం ఎప్పుడూ తక్కువే, సరుకు ధర ఎప్పుడూ ఎక్కువే.
ఏ ఏటి చివరా ఏ ఒక్కడూ సున్నాకి చేరలేదు.
డ్రుసిల్లా పిన్‌కి ఎనభై తొమ్మిది,
వంటింటి బల్లమీద పెట్టుకుని చలికాలమంతా చదివిందట.
ఒకచేత కర్ర, ఒకచంకన చిట్టా,
కొత్త వాలుదారి మీద మొదటి అడుగు ఆమెదే.

ఆ రాత్రి పుటలు తిప్పాను.
హెజెకయా పిన్, ఆమె తాత:
నలభై ఒక్క డాలర్లు, పద్దెనిమిది సెంట్లు.
పక్కనే పెన్సిలుతో, వణికే అక్షరాల్లో
చెల్లు.

మరో పుట తిప్పాను.
ఆమె ఒక్క తాతతో ఆగలేదు.
బడ్జెల్‌లు, టకర్‌లు, పేరులేని "వితంతువు, రేవుకి ఆవల",
రెండువందల మూడు ఖాతాలు:
చెల్లు, చెల్లు, చెల్లు.
నూట యాభై దాటాక అక్షరాలు గుండ్రబడ్డాయి,
మనవరాలు అందుకుని ఉంటుంది.

నిపుణురాలు పొద్దున్నే వస్తుంది.
సొరుగులో మెత్తటి రబ్బరు ఉంది,
పాత కాగితం నలగకుండా చెరిపేది.

వాపసు రసీదు మాత్రం ఇంకా బల్లమీదే.
అప్పగించిన వారు: డి. పిన్.
అందుకున్న వారు, అన్నచోట ఖాళీ.
కొట్టు తలుపు మీద వానకి వెలిసిన ఇంటిపేరే
నాదీ. రైడౌట్.
ఈ ఊళ్ళో ఆ పేరుకి నేనొక్కణ్ణే మిగిలాను.

కలం మూత తీశాను.
యంత్రం గాలిలో తడి తాగుతూనే ఉంది.
"అందినది," అని రాశాను,
"పూర్తిగా."