రాత్రి నిద్ర

తునికిబాక గూడెం,
బడి వరండాల ప్లాస్టిక్ కుర్సీలు మూడు.
ఎస్సై సారుకొకటి, బీటాఫీసరుకొకటి,
మూడోది ఖాళీగున్నా ఎవరూ కూసోలే.
నేను నిలబడ్డ. నా పని మాటలు మోసుడు,
ఇటువి అటు, అటువి ఇటు.

"మీ ఊరికి పోలీసోళ్లు ఏం చేయాలె?
భయపడకుండ చెప్పుండ్రి" అన్నడు సారు.
భయపడకుండ అన్న ముక్క
నేను తర్జుమా చెయ్యలే.
కాగితంల నాలుగు గళ్లు:
వీధి దీపాలు, సీసీ కెమెరాలు, గస్తీ, ఇతరములు.

మొదలు నవ్వులాటే.
పోయినేడాది ఇచ్చిన వాలీబాల్ నెట్టు
కోళ్లకు దడి కట్టినట్టు ఈసం లచ్చుమయ్య ఒప్పుకున్నడు.
పిల్లి కూడ దూరలేదట.
బంతి వాగుల పోయిందట.
సారు నవ్వి, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నడు.

"మీ భద్రతకు ఇంకేం కావాలె?"

భద్రత.
ట్రైనింగుల వెయ్యిసార్లు విన్న మాటే.
మా అమ్మ నేర్పిన మాటల్ల
దానికి జోడు దేవులాడిన, దొరకలే.
ఆఖరికి ఇట్లన్న:
"రాత్రి నిద్ర మంచిగ పడుతున్నదా అని అడుగుతున్నడు."

ఇగ అందరూ ఒక్కసారే.
టవరు కాడి జనరేటరు మోత,
చేన్ల పందులకు కావలి,
రాత్రి రెండింటికి మీ జీపు వచ్చి
లైటు ఇంట్లకు కొట్టి పేరడిగి పోతది,
మళ్ల వారం అదే పేరు మళ్ల అడుగుతది.
"గుడుంబ తాగినోడు పంటడు, వాని పెండ్లాం పండదు"
అన్నది వెనకనుంచి ఎవరో.
మొగోళ్లు నేల చూసిండ్రు.

ఇర్ప ముత్తక్క లేవకుండనే చెప్పింది.
బిడ్డ మిర్పకాయ ఏరబోయింది,
మేస్త్రి ఎంట, గోదారి అవతలికి.
ఇరవై రెండు రోజులు. ఫోను మోగుడు బందైంది.
ఠాణాకు రెండుసార్లు వచ్చిందట.
మొదటిసారి మేస్త్రి ఇంటిపేరు తెల్సుకొని రమ్మన్నరు.
రెండోసారి గేటు కాడ
యూనిఫారంల మనోడే నిలబడ్డడని చూసి
సిగ్గయి మర్లిపోయిందట.

గేటు కాడ డ్యూటీ నాది.

ఏమంటున్నదని సారు నా మొఖం చూసిండు.
చెప్పిన.
ఆఖరి ముక్కతో సహా చెప్పిన.

ఇతరములు గడి వేలెడంత.
ఇర్ప సునీల, పదిహేడేండ్లు, పచ్చ ఓణి,
మేస్త్రికి ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు
అని రాస్తుంటే
అక్షరాలు గస్తీలకు ఎక్కినయి,
అక్కడికెల్లి కెమెరాలకు.

పొద్దుగూకినంక మర్లినం.
గూడెం దాటేదాక లైటు బంద్ పెట్టమన్నడు సారు.
వెన్నెల లేదు. తొవ్వ కనబడక
మెల్లగ పోయినం, నడిచే మనిషంత మెల్లగ.
ఒక్క ఇంట్ల బుడ్డి వెలుగుతున్నది.
ఎవరిదని సారు అడగలే.