మడమలో ముల్లు

నా కుడి మడమలో ఒక ముల్లుండాది.
పన్నెండేళ్ల నాటిది.
రేణిగుంట డాక్టరు సూది పెట్టి కెలికి కెలికి
దొరకలేదు పొమ్మన్నాడు.
వాన మొగులేసే ముందు
అదే లాగి చెప్తాది నాకు.

స్వర్ణముఖి అని పేరు.
మా రేవులో ఆ ముఖం చూసినోళ్లు తక్కువ.
ఈ దరి నుంచి ఆ దరికి సర్కారు కంప,
మేక దూరితే మేక మాత్రమే బయటికొచ్చే కంప.

దాన్ని నరికి, పేర్చి, మన్ను కప్పి, నిప్పు పెట్టి
మూడు రాత్రుళ్లు పొగ రంగు చూసుకుంటా
బొగ్గు చేసిన చేతులివి.
పాపానాయుడుపేట పూసల బట్టీలకు
మోపులు మోసిన మెడ ఇది.
సుగుణ పురిటి ఖర్చూ, నెత్తిన రేకులూ
ఆ చెట్టు పెట్టినవే.
అందుకే, ఏరు బాగుచేస్తాం, కంప పెరకాల, కూలిస్తాం
అని ఆఫీసోళ్లు వచ్చిన పొద్దు
గడ్డపార చేతికిస్తా కుప్పమ్మ అనింది:
"పెరుకు. తిట్టొద్దు మాత్రం.
కూడు పెట్టినదాన్ని తిట్టేదానికి
నోరెట్లా వస్తాది?"

జేసీబీ పైపైన గీరి పోయింది.
పదైదు దినాలకు
మోటు మోటుకీ ఏడెనిమిది కొమ్మలు,
పచ్చగా, ఏమీ జరగనట్టు.
అప్పుడర్థమయింది, ఆ చెట్టుకు తల పైన లేదు.
గుంత తీసినాము. మోకాటి లోతు. నడుము లోతు.
తల్లివేరు నేరుగా
మేము చెలమ తోడుకునే తావుకే పోతా ఉండాది.
మా బిందె కంటే ముందే పోయి తాగింది.
కోపం రాలేదు, దప్పిక ఎవురిదైనా దప్పికే.
గడ్డపార మాత్రం దింపినాను.

నాటేదానికి కాగితం తెచ్చింది హేమావతి, ఫారెస్టు పిల్ల.
వరసకు వరసకు నడుమ ఇన్ని అడుగులని గీతలు.
గట్టు మీద కూచోని చూస్తా ఉన్నాడు చెంగల్రాయుడు,
కాళహస్తిలో కలంకారీ గుడ్డలు
నలభై ఏండ్లు ఏట్లో జాడించినోడు.
"ఏ ఏరు నడిచింది తల్లీ గీత గీసినట్టు?"
అని దిగొచ్చి, చేతికర్రతో ఇసకలో పొడిచినాడు:
ఈడ ఏరుమద్ది. దాని నీడలో గుడ్డలారేసేవాళ్లం.
ఆ మలుపులో రెండు నేరేళ్లు.
ఇక్కడంతా వావిలి, అడుగున తుంగ.
"పారే నీళ్లలోనే రంగు శుభ్రంగా తేలేది.
నిలవ నీళ్లలో ఎరుపు పక్కకు పాకతాది."
పొడిచిన ప్రతి పోటులోనూ ఒక మొక్క పెట్టినాము.
ఆ పిల్ల కాగితం మడిచి
మొక్కల బుట్ట కింద పరిచింది.

మున్నూటా పన్నెండు నాటితే
ఎండలు దాటి మిగిలింది నూటా నలభై ఆరు.
నేరేళ్లు సగానికి పైగా పోయినాయి.
కానుగ మొండిది, నిలబడింది.
మునెప్ప మేకలకు ఇదంతా యాడ తెలుస్తాది?
కంచె కావాల్సొచ్చింది. ముళ్లకంచెకు డబ్బుల్లేవు.
పెరికి కుప్పేసిన కంపనే తెచ్చి
ఒక్కో మొక్క చుట్టూ పెట్టినాను.
ఏటిని మింగినదే ఇప్పుడు
ఏటి బిడ్డలకు కాపలా.
కుప్పమ్మ చూసి నవ్వింది. ఏమీ అనలా.

మేకలు కాయలు తిని వేసిన పెంటికల్లోంచి
ఆ కంచెల లోపలే కంప మళ్లీ మొలస్తాది,
కానుగ పక్కన, రెండాకులేసుకోని,
తోబుట్టువు మాదిరి.
రోజూ తెల్లారి పోయి పెరకతా ఉండా.
ఈ పొద్దు పదకొండు.
రెండాకులకు జానెడు వేరు.

చెలమలో నీళ్లింకా రాలా.
చెయ్యి పెడితే చెమ్మ తగలతా ఉండాది, అంతే.

సాయంత్రం నుంచి మడమ లాగతా ఉండాది.
కుంటతా ఇంటికొస్తే
కుప్పమ్మ మొగులు చూడలా.
నా కాలు చూసి,
వాకిట్లో ఉన్న ఆఖరి బట్టీ బొగ్గు గోతాం
లోపలికి ఈడ్చింది.