పద్దెనిమిది గుర్రాలు

గుర్రాన్ని నేను ఒక్కసారే చూసినా,
పొదలకూరు రోడ్డు మీద, ఎవరిదో పెళ్ళి ఊరేగింపులో,
బ్యాండు మోతకి బెదిరి పక్కకి పక్కకి అడుగులేస్తా.
అట్టాంటివి పద్దెనిమిది మన బండిలో ఉండాయని
మా ఆయన చెప్పినప్పుడు
బానెట్టు మీద చెయ్యి పెట్టి చూసినా.
కాలింది.

కొత్తదాంట్లో ఇరవై నాలుగంట.
షోరూమ్ పిలకాయ కాగితం మీద వేలు పెట్టి చదివినాడు.
ఆరు గుర్రాలు ఎక్కువ, మూడొందల కిలోలు తక్కువ.
ఆ బరువంతా యాడికి పోయిందబ్బయ్యా అంటే
నవ్వినాడు.

జిలానీ రెంచీ తెచ్చి రెండింటినీ తట్టినాడు.
పాతది ఖంగుమంది, బడిగంట మాదిరి.
కొత్తది డొప్పుమంది.
"ఫైబరక్కా. ఇనుమైతే వంగుతాది, సుత్తితో సాపు చేస్తా.
ఇది వంగదు. పగిలి ఊరుకుంటాది."
నెల తిరక్కముందే తూరుపు సాలులో నిమ్మకొమ్మ ఒకటి
ఆ మాట నిజం చేసింది.
పాతదాని ఒంటి మీద ఇరవయ్యేడేళ్ళ ముళ్ళ గీతలుండాయి.
ఒక్కటీ రంగు దాటి లోపలికి పోలా.

అట్టని పాతదాన్ని నెత్తినెక్కించుకోను.
సెల్ఫు చచ్చినాక హ్యాండిలే గతి,
ఆ హ్యాండిలు ఎదురు తిరిగి మా ఆయన మణికట్టు విరిచింది.
మూడో గేరు జారకుండా నైలాను తాడు కట్టి
ఆరేళ్ళు తోలినాడు.
కొమ్మల కింద దూరలేక, సాలు చివర తిరగలేక
మూల పాదులన్నీ నా పారకే ఒదిలేసేది.
దాన్ని తెచ్చిన రోజు మా మామ చెంచురామయ్య
చుట్టూ ఒకసారి తిరిగి, టైరు తన్ని,
"రేకు డబ్బా" అని తుపుక్కున ఊసి
ఎద్దుల కాడికి పోయినాడు.

కొత్తది తాళం తిప్పితే పలుకుతాది.
స్టీరింగు ఒంటేలికి తిరుగుతాది.
ఆయన పోయిన ఏడు,
ఎడమ భుజం పైకి లేవని దాన్ని,
యాభై మూడేళ్ళకి
నాలుగెకరాల నిమ్మతోటా నేనే దున్నినా.
మూల పాదులతో సహా.
ఆ సాయంత్రం డీజిలు కొలిస్తే
సగానికి సగం మిగిలుండాది.
షెడ్డులో పాతదాని వైపు చూడకుండా
తలుపేసి వచ్చినా.

మొన్న మంగళారం, గాజు వెనక
పసుపు దీపం ఒకటి వెలిగింది.
ఇంజను నడస్తానే ఉండాది,
గొర్రు దించితే మాత్రం రొప్పుతాది.
ఇరవై నాలుగు గుర్రాలూ నిలబడి గడ్డి మేస్తుండాయి.

పెట్టె తెరిచినా. ఒక పానా, ఒక ఫోన్ నంబరు.
పాతదాని పెట్టె అయితే
పానాలు, గ్రీసు డబ్బా, సైకిలు ట్యూబు ముక్కలు,
ఆయన సగం కాల్చి దాచుకున్న బీడీ.
నంబరు వాళ్ళు శనివారం నెల్లూరు నించి వస్తారంట,
ల్యాప్‌టాప్ తగిలిస్తే గానీ తెలవదంట.

జిలానీ పొడుగు స్క్రూడ్రైవరు ఇంజనుకానించి
పిడి చెవిలో పెట్టుకుని బో సేపు విన్నాడు.
నాడి చూసే వైద్యుడు కూడా అంత సేపు చూడడు.
"గుండె బాగుండాదక్కా. నోరే కుట్టేసినారు."

తూరుపున మబ్బు కమ్ముకొస్తా ఉండాది.
వాన పడితే ఈ ఎర్ర గరువు వారం దాకా అడుగు పెట్టనీదు.
షెడ్డు తలుపు తీసినాం.
దుమ్ము తుడస్తా జిలానీ తనలో తాను అంటున్నాడు:
"పిస్టన్లు నేనే మార్చినా. గేరు పళ్ళు మార్చినా,
రేడియేటరు రెండు మార్లు.
ఈ బ్లాకు ఒక్కటే అక్కా కంపెనీది."

నేను సీటు మీది గోతం దులిపినా.
ఎన్నడూ ఎక్కలేదు ఈ సీటు.
"నువ్వు తిప్పు జిలానీ."
"తోలేదెవరక్కా?"
నైలాను తాడు కుడిచేతికి చుట్టుకున్నా.

మొదటి మారు దగ్గింది.
రెండో మారు నల్లగా ఊసింది, మా మామ మాదిరే.
మూడో దానికి షెడ్డు రేకులన్నీ అదిరినాయి.

బానెట్టు మీద చెయ్యి పెట్టి చూసినా.
కాలడానికి
ఇంకా రొంత సేపు పడతాది.