మూడంగుళాలు

సర్టిఫికెట్టు ఇచ్చే మేడం
కర్నూలు నుంచి జీపులో వచ్చె.
అన్నీ తెచ్చె, టేపు మర్చిపొయ్యె.
"ఎవరి దగ్గరన్నా ఉందా?" అనె.
పన్నెండు మందిమి ఒకరి మొగం ఒకరు చూసుకుంటిమి.
నా మెడలో ఉంది.
కత్తెర మాత్రం వచ్చిన దినమే గుంజుకోని
బీరువాలో పెట్టిరి.
టేపు తొంభైమూడు దినాలుగా ఊరికే యేలాడతాంది.

ఇది పాత జిన్నింగు మిల్లు గోడౌను.
ఎండ పడితే ఇప్పటికీ దూలాల మీంచి
దూది పోగులు దిగుతాయి.
ఆదోనిలో ఎవరినడిగినా
తాగుబోతుల కొట్టం అంటారు.
దస్తగిరమ్మ మాత్రం హోమ్ అంటాది,
పొద్దున్నే అందరి నోర్లు వాసన చూసి
జొన్నరొట్టె చేతిలో పెడతాది.

మేడం కాగితం చదువుతాంది:
కిటికీలు ఎన్ని, కక్కసులు ఎన్ని,
మంటలార్పే సిలిండరు యాడ,
మందుల బీరువాకు తాళం ఉందా,
తాళంచెవి ఎవరి దగ్గర,
నడిరేయి ఫిట్స్ వస్తే పలికే డాక్టరు ఎవరు.
మంచానికి అరవై చదరపడుగులు.
ఆ మాట కాడ అందరం మంచాలను చూస్తిమి.

చెయ్యి వణుకుతాదేమోనని భయపడితి.
వణకలే.
వెడల్పు నాలుగు టేపులు, ఇరవై అడుగులు. సరిపాయ.
పొడుగు, ఏడు టేపులు పొయ్యి
పైన ఒక అడుగు రావల్ల.
గోడ తొమ్మిదంగుళాల కాడనే తగిలె.

"ముప్పయ్యారు రాసుకుందునా?"
మేడం పెన్ను కాగితం మీదనే ఉంది. కండ్లు కూడా.
"మద్దిలేటీ, పలుకు" అనె దస్తగిరమ్మ.

ఈ బొటనవేలు నాకు బాగా తెలుసు.
ప్యాంటు గుడ్డ మీద ఇట్లనే జరిగేది.
మనిషి చూస్తాంటే ఒక నెంబరు,
కత్తెర పడేటప్పుడు ఇంకొకటి.
ఎంత, మూడంగుళాలే.
అతుకులేసి పిల్లోల్ల నిక్కర్లు కుట్టి
సంతలో అమ్మితే
క్వార్టరు, ఉడకేసిన శనగలు.
కురచ ప్యాంటేసుకోని పెండ్లికి కూచున్న
బసాపురం పిల్లోడు
ఇంగా తిడతాండాడేమో.

తలుపు పక్కన పన్నెండో మంచం.
ఉరుకుందప్ప వచ్చి ఆరు దినాలు.
దుప్పటి కింద కాళ్లు
మిషిను తొక్కినట్టు కొట్టుకుంటాయి.
వాని దిక్కు చూడకుండా
"మూడంగుళాలు తక్కువ, మేడం" అంటి.
నా గొంతు నాకే కొత్తగా ఇనపడె.
ఆయమ్మ పదకొండు అని రాసె.
దస్తగిరమ్మ నన్నొక చూపు చూసె.
మెచ్చుకోని కాదు,
పన్నెండో కంచం యాడ పెట్టాలని.

ఆ రాత్రి నా పరుపు నేనే చుట్టుకుంటి.
పెద్దమనసని కాదు.
కొలిచినోడే కదా కోయల్ల.
కిటికీ పక్కన నా మంచంలోకి
ఉరుకుందప్పను మార్చిరి.

ఇప్పుడు పగలంతా హోమ్‌లో
దిండ్ల గలీబులు కుడతా.
సర్టిఫికెట్టు మిషిను పైన, అద్దంలో, రవ్వంత వంకరగా.
మాపటేల గదికి పోతా.
నడాన వైన్ షాపు.
దాని ముందర నలభై రెండడుగులు.
ఒక పొద్దు, షట్టరు తెరవకముందు, కొలిస్తి.

నిన్న నూట ముప్పయ్యో దినం. వాన.
సరీగా షాపు ముందర
నల్లరేగడి బురదలో ఎడమ చెప్పు దిగబడె.
వంగి, లాక్కోని,
చేత్తో పట్టుకోని పోతి.